ఏడేళ్ళవాడి చేతికి ఎయిర్ గన్?

ప్రశ్న:

మాది కోనసీమలో గౌతమి పాయకు దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరితోట, కొంత వరి, రెండు చేపల చెరువులు ఉన్నాయి. మా నాన్నగారికి తుపాకీ లైసెన్సు ఉండేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, 1994 చలికాలంలో, మొదటిసారి నన్ను లంకలోకి పరజల (అడవి బాతుల) వేటకు తీసుకెళ్ళారు. ఆయనతో గడిపిన రోజుల్లో నాకు బాగా గుర్తున్నవి అవే. ఆయన పోయి రెండేళ్ళయింది. తుపాకీ బీరువాలోనే ఉంది. ఇప్పుడు మా అబ్బాయికి ఏడేళ్ళు. బడి నుంచి వస్తే చేతిలో ఫోనే. వాణ్ణి కూడా చెరువుగట్ల మీద తిప్పుదామని, ముందు ఎయిర్ గన్‌తో మొదలుపెట్టి పిట్టలను కొట్టడం నేర్పుదామని నా ఆలోచన. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు తొమ్మిదేళ్ళకే జింకను కొట్టాడు, ఫోటోలు పంపారు. వచ్చే వేసవిలో మావాణ్ణి తమ దగ్గరకు పంపితే తానే నేర్పుతానని బావగారు అంటున్నారు. సలీం అలీ అంతటివాడు కూడా చిన్నప్పుడు ఎయిర్ గన్‌తో పిట్టను కొట్టే కదా పక్షుల శాస్త్రవేత్త అయ్యాడు! మా ఆవిడ మాత్రం "పసివాడికి చంపడం నేర్పుతారా" అని నాతో మాట్లాడటం మానేసింది. ఆదివారం కోడికూర వండేది తనే. ఇందులో తప్పేమిటో నాకు అర్థం కావడం లేదు. ఏ వయసులో, ఎలా మొదలుపెట్టాలో చెప్పండి.

— ఒక తండ్రి, కోనసీమ

జవాబు:

అయ్యా,

మీరు వయసు గురించి అడిగారు. నేను ముందు బీరువా గురించి మాట్లాడాలి. "తుపాకీ బీరువాలోనే ఉంది" అని ఒక్క ముక్క రాసి, అదేదో పాత కుట్టుమిషను అన్నట్టు దాటిపోయారు. మీ ఉత్తరం మొత్తంలో నన్ను కంగారు పెట్టింది ఆ ముక్కే.

లైసెన్సు మీ నాన్నగారి పేరు మీద ఉన్నది. ఆయన పోయాక అది దానంతటదే కొడుక్కి రాదు. ఆయన తర్వాత ఆ ఇంట్లో తుపాకీ ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. ఇలాంటి పరిస్థితి కోసమే 1959 నాటి ఆయుధాల చట్టంలో 21వ సెక్షను ఉంది. ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరలోని పోలీస్ స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. ఆ తర్వాత కావాలనుకుంటే మీ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇవేవీ చేయకుండా ఊరుకుంటే లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో దాచుకున్నట్టే లెక్క. అది జైలుశిక్ష పడే నేరం.

రెండేళ్ళు గడిచిపోయింది కాబట్టి ముందు తెలిసిన వకీలును కలవండి. మరణ ధ్రువీకరణ పత్రం, పాత లైసెన్సు పుస్తకం, మిగిలిన తూటాలు ఎన్నో రాసిన కాగితం వెంట పెట్టుకోండి. డిపాజిట్ చేసినప్పుడు రసీదు అడిగి తీసుకోండి, దానిమీద తుపాకీ నంబరు సరిగ్గా పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మీ నాన్నగారు దాన్ని స్టేషనులో అప్పగించి, ఫలితాలు వచ్చాక తెచ్చుకునే ఉంటారు. కాబట్టి వాళ్ళకు అది కొత్త సంగతి కాదు, మీరు సంకోచించనక్కర్లేదు.

ఆ పని అయ్యేదాకా తాళం సంగతి చూడాలి. మన ఇళ్ళలో బీరువా తాళంచెవి ఎక్కడ ఉంటుంది? పరుపు కింద, దేవుడి పటం వెనక, పోపుల డబ్బా పక్కన. ఏడేళ్ళవాడికి అది తెలియదని మీరు అనుకుంటున్నారేమో. పండక్కి చేసిన అరిసెలు ఏ డబ్బాలో పెట్టి ఏ అటక మీద దాచారో కనిపెట్టినవాడికి తాళంచెవి ఒక లెక్కా? తూటాలను వేరే గదిలో, వేరే తాళంలో పెట్టండి. రెండు తాళంచెవులూ పగలు మీ జేబులో, రాత్రి మీ తలకింద ఉండాలి. మీ ఆవిడకు కూడా ఈ మాట చెప్పండి. మాటలు మళ్ళీ మొదలు కావడానికి ఇదొక మంచి సందర్భం.

ఇక మీ ప్రశ్న. పిట్టల వేటకు తగిన వయసు ఏడేళ్ళూ కాదు, పదిహేడేళ్ళూ కాదు, డెబ్బై ఏళ్ళూ కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట్లో కొన్ని జాతులను లైసెన్సు తీసుకుని వేటాడే వెసులుబాటు అందులో ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. మీరు లంకలోకి వెళ్ళింది 1994లో. అప్పుడు మీ నాన్నగారి దగ్గర తుపాకీ లైసెన్సు ఉంది గానీ, పరజను కొట్టే లైసెన్సు అప్పటికి దేశంలో ఎవరికీ ఇవ్వడం లేదు. పోయిన మనిషిని ఇప్పుడు నిలదీయాలని కాదు, ఆ రోజుల్లో లంకలో ఎవరు అడిగారు గనక! కానీ "మా నాన్న చేసింది నేనూ చేస్తున్నాను" అన్న ధీమా మీకు ఉంటే, ఆ తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

2022లో ఆ చట్టాన్ని మళ్ళీ సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని ప్రాణుల జాబితాలు తగ్గాయి, జరిమానాలు పెరిగాయి. మన చెరువుల్లో వాలే పరజలు, కొంగలు, జమ్ముకోళ్ళు అన్నీ రక్షణ ఉన్నవే. మామూలుగా మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి జాబితాలో ఉన్న ప్రాణి అయితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా. కోరంగి మడ అడవుల్లో తిరిగే బావురుపిల్లి, మన తీరంలో ఇసుక తవ్వి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు ఈ రెండో రకం శిక్ష తెచ్చిపెట్టేవి. చట్టం దృష్టిలో తుపాకీ పేలిస్తేనే వేట అనుకోకండి. ఉచ్చు పన్నినా, వల పరిచినా, విషం పెట్టినా, గూట్లోంచి గుడ్లు తీసినా వేటే. ప్రయత్నించి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చినా వేటే. వాడిన ఆయుధం, ఎక్కి వెళ్ళిన మోటారు సైకిలు కూడా పోతాయి.

ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు కదా అని మీరు అంటారని తెలుసు. 20 జౌల్స్‌కు మించని శక్తి, లోపలి వెడల్పు 0.177 అంగుళాలకు మించని గొట్టం ఉన్నదానికి అక్కర్లేని మాట నిజమే. అది ఇంట్లో పెట్టుకోవడానికే సరిపోతుంది, పిట్టను కొట్టడానికి కాదు. అరుణాచల్ ప్రదేశ్‌లో ఊరూరా ఎయిర్ గన్లతో పక్షులను కొట్టడం ఎంత ముదిరిందంటే, 2021లో ప్రభుత్వమే వాటిని స్వచ్ఛందంగా అప్పగించమని ఉద్యమం నడిపింది. వేటను తరతరాల అలవాటుగా చేసుకున్న జనం వెయ్యికి పైగా తెచ్చి ఇచ్చేశారు. తాతల నాటి అలవాటు అన్న మాట మీకన్నా వాళ్ళకే ఎక్కువ వర్తిస్తుంది.

సరే, మీరు పట్టుబడరనే అనుకుందాం. అప్పుడు మీవాడు మొదటి పూట నేర్చుకునేది ఏమిటి? చీకటితో బయలుదేరాలి. దారిలో ఎవరైనా ఎదురైతే చెరువుకు మేత వేయడానికి అని చెప్పాలి. కొట్టిన పిట్టను మేత బస్తా అడుగున పెట్టాలి. ఈకలు పీకి కాలువలో కాకుండా గోతిలో పూడ్చాలి. బడిలో ఈ ఊసెత్తకూడదు. అమ్మ అడిగితే నవ్వి ఊరుకోవాలి. గురి కుదరడానికి నెలలు పడుతుంది, ఇవన్నీ మాత్రం ఒక్క పూటలో వచ్చేస్తాయి. ఏడేళ్ళ పిల్లవాడికి తండ్రి చేసేదంతా పద్ధతే. అలాంటివాడికి నాన్న ఎవరినో చూసి తల దించుకోవడం, గొంతు తగ్గించడం కనిపిస్తే వాడు దాన్నీ పద్ధతిగానే నేర్చుకుంటాడు. మీ నాన్నగారితో గడిపిన రోజుల్లో మీరు దాచిపెట్టుకున్నది ఇది కాదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

మన నేల సంగతి కూడా ఒకటి ఉంది. కాల్పుల శిక్షణ ఎక్కడైనా సరే, గుండు వెళ్ళి ఆగే చోటు ముందు చూపిస్తారు. కొండవాలో, మట్టికట్టో ఉండాలి. డెల్టా అంతా అరచేతిలా చదును. 0.22 అంగుళాల తుపాకీ గుండు రెండు కిలోమీటర్లకు పైగా పోగలదు. ఎయిర్ గన్ పెల్లెట్ కూడా వాలుగా పైకి కొడితే రెండు మూడు వందల మీటర్ల అవతల దిగుతుంది. కోనసీమలో ఏ దిక్కున అంత దూరం మనిషి లేని నేల ఉంది, చెప్పండి? గట్టు అవతల మేత వేసేవాడు, అరటితోటలో గెల నరికేవాడు ఉంటారు. కొబ్బరిమట్టల్లో కూర్చున్న పిట్టకు గురిపెట్టినప్పుడు పక్క చెట్టు మీద దింపు తీసేవాడు ఉంటాడు, మట్టల చాటున ఉంటే కింది నుంచి కనిపించడు. నీళ్ళ మీదికి తక్కువ వాలులో కొట్టిన గుండు మునగదు, ఎగిరి ఇంకో వైపు పోతుంది. చెరువుగట్ల మీద వేటాడిన మీకు ఇది నేను చెప్పాలా? నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ కంట్లో పడితే కన్ను పోతుంది. అది కొట్టినవాడి తమ్ముడి కన్ను కావడమే మామూలుగా జరిగేది.

సలీం అలీ మాట మీరు ఎత్తారు కాబట్టి ఆ కథ పూర్తిగా చూద్దాం. మేనమామ ఇచ్చిన ఎయిర్ గన్‌తో పదేళ్ళ వయసులో ఆయన ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు కింద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుకకు అది ఉండదు. అది ఏ పిట్టో తెలియక మేనమామను అడిగారు, ఆయనకూ తెలియలేదు. "తెలియకపోతే ఏముందిలే, వండించు" అని ఆ మేనమామ అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆయన ఉత్తరం రాసి ఇచ్చి, పిల్లవాణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ మిలార్డ్ అనే కార్యదర్శి సొరుగులు ఒక్కొక్కటే లాగి, దేశంలోని పక్షుల నమూనాలన్నీ పిల్లవాడికి చూపించారు. ఒక పెద్దమనిషి పనిమానుకుని ఒక పిల్లవాడి ప్రశ్నకు జవాబు వెతికాడు. మీరు పట్టుకోవలసింది ఆ ముక్క. ఎయిర్ గన్లు అప్పట్లో బొంబాయిలో చాలామంది పిల్లలకు ఉండి ఉంటాయి, సలీం అలీ ఒక్కడే అయ్యాడు.

డాలస్ సంగతి వేరు. బావగారిని నేను తప్పుపట్టను, ఆ దేశంలో అది సక్రమమైన పని. కానీ ఫోటోలో జింక, తుపాకీ, పిల్లవాడి నవ్వు మాత్రమే పడతాయి. ఫోటోలో పడనివి కొన్ని చెబుతాను. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారెవరైనా వేట శిక్షణ కోర్సు పూర్తి చేయాలి. ధ్రువపత్రం ఇచ్చే కనీస వయసు తొమ్మిదేళ్ళు. మీ మేనల్లుడు తొమ్మిదో ఏట మొదలుపెట్టడం వెనక అదే ఉండవచ్చు. అంతకన్నా చిన్నవాడైతే లైసెన్సు ఉన్న పెద్దవారు వెంటే ఉండాలి. ఎన్ని జింకలు, మగవా ఆడవా, ఏ వారాల్లో, అన్నీ రాసిపెట్టి ఉంటాయి. అమెరికాలో బాతులను వేటాడే పెద్దవాళ్ళు ఏటా పాతిక డాలర్లు పెట్టి ఒక స్టాంపు కొనాలి. 1934 నుంచి వస్తున్న ఆ పద్ధతిలో పోగయ్యే డబ్బు దాదాపు అంతా బాతులు బతికే చిత్తడి నేలలను కొని కాపాడటానికే పోతుంది. బాతులు నీటి అడుగున పడిన సీసపు గుళికలను ఇసుకరాళ్ళనుకుని మింగి విషమెక్కి చస్తున్నాయని తెలిసి, నీటిపక్షుల వేటలో సీసాన్ని దేశమంతటా నిషేధించారు. అదీ 1991లోనే. ఆ సంవత్సరమే ఇక్కడ మనం వేటనే ఆపేశాం. వాళ్ళ దారి వాళ్ళది, మన దారి మనది. రెండు దారుల్లోనూ కట్టుబాట్లు ఉన్నాయి. వాళ్ళ తుపాకీని, మన కట్టుబాటు లేని తనాన్ని కలిపి తెచ్చుకుందామంటేనే చిక్కు.

ఇంకొకటి బావగారికి తప్పకుండా చెప్పండి. పర్యాటక వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. మేనల్లుడు అక్కడివాడు, మీవాడు వేసవికి వెళ్ళే అతిథి. ఇద్దరినీ ఒకే గాటన కట్టి, ఒకే తుపాకీ చేతికిస్తే చిక్కుల్లో పడేది బావగారే. వెళ్ళనివ్వండి, అత్త దగ్గర నాలుగు రోజులు ఉండి రానివ్వండి, అక్కడి పార్కుల్లో జింకలను చూడనివ్వండి.

ఇప్పుడు కోడికూర. మీ ఆవిడ మీద మీరు వేసిన ఆ చురక నాకు నచ్చలేదు గానీ, ప్రశ్న మాత్రం న్యాయమైనదే. మాంసం తింటూ, చంపడం అన్న మాట వినగానే చెవులు మూసుకోవడంలో పస లేదు. పిల్లవాడికి కూర ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. ఏడేళ్ళకు చావంటే తిరిగి రాకపోవడమని చాలామంది పిల్లలకు అర్థమవుతుంది. ఇంకా నయం, మీరు సంక్రాంతి పందేల బరి దగ్గర వాణ్ణి భుజం మీద ఎక్కించుకుని, కత్తి కట్టిన కోళ్ళను చూపించి చావు నేర్పుతాననలేదు. కానీ ఆవిడ అడిగింది వేరు. పసివాడి చేతికి చంపే పనిని ఆటగా ఇవ్వవద్దంటోంది. తినడానికి చంపడం, గురి చూసుకోవడానికి చంపడం ఒకటి కాదన్నది మీకూ తెలుసు.

అందుకే నేను చెప్పేది గాలం. వేట కావాలంటే చేపల వేట ఉంది, అది మన డెల్టాకు పుట్టుకతో వచ్చింది. నెత్తుటి ముచ్చట కూడా అందులో ఉంది, దాచవలసిన పని లేదు. మీ సొంత చెరువులో పెంచిన చేపను పట్టడం అంగట్లో కొనడం లాంటిదే, అది వద్దు. వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుల్లో నీళ్ళు మిగులుతాయి, అక్కడికి తీసుకెళ్ళండి. అప్పుడు లోతు తక్కువ, పరవడి ఉండదు. సన్నని వెదురుగడ, దారం, బెండు, చిన్న గాలపు ముల్లు చాలు. వానపాములు వాడే తవ్వుకోవాలి, ముల్లుకు వాడే గుచ్చుకోవాలి. ఏడేళ్ళవాడికి మొదటి చిక్కు అక్కడే వస్తుంది. వానపాము మెలికలు తిరుగుతుంటే కొందరు పిల్లలు గడ కింద పెట్టేస్తారు. అప్పుడు మీరు నవ్వకండి, పిరికివాడని అనకండి. ఆ రోజుకు ఇంటికి వచ్చేయండి. వాడికి తనే అడిగే రోజు వస్తుంది, లేదా రాదు.

బెండు మొదటిసారి కదిలితే లాగకూడదు. పరిగె పిల్లలు ఎరను పొడిచి చూస్తాయి, బెండు వణుకుతుంది. రెండోసారి పక్కకు జరుగుతుంది. ఏటవాలుగా నీళ్ళలోకి దిగిపోయినప్పుడు లాగాలి. ఆ రెండు కదలికల మధ్య ఊపిరి బిగబట్టి ఆగడం ఫోను నేర్పలేని విద్య. జెల్ల పడితే మీరు పట్టుకోండి, వాడికి ఇవ్వకండి. రెక్కల దగ్గర రెండు ముళ్ళు, వీపు మీద ఒకటి నిక్కబొడిచి ఉంటాయి, గుచ్చుకుంటే చెయ్యి పొంగి రాత్రంతా సలుపుతుంది. తల వెనక బొటనవేలు ఒక వైపు, చూపుడువేలు ఒక వైపు ముళ్ళకు అడుగున ఎలా పడాలో చూపించండి, పట్టుకోవడం మరుసటి ఏడాది. ఇంటికి తెచ్చుకునే చేపను బుట్టలో గంటసేపు కొట్టుకోనివ్వకుండా అక్కడే తలమీద ఒక్క దెబ్బతో ముగించాలి, ఎందుకలా చేశారో వాడికి చెప్పాలి. వేలెడంత పిల్లలను తిరిగి నీళ్ళలో వదలాలి, ఏది వదలాలో వాడినే నిర్ణయించమనండి. ఇంట్లో చేపను శుభ్రం చేసేటప్పుడు కత్తి మీ చేతిలో, నీళ్ళ చెంబు వాడి చేతిలో ఉండాలి. పులుసు పెట్టేది మీ ఆవిడే కావచ్చు గానీ, వాడు పట్టిన చేప మీద ఆవిడ అలిగే అవకాశం తక్కువ.

సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలతో వేట ఎందుకు ఆపుతారో ఆ వేసవిలోనే చెప్పండి. గుడ్లు పెట్టే కాలంలో పట్టేస్తే మరుసటి ఏడాదికి చేప ఉండదని, అందుకే పొట్టకూటి వేట వేసేవాళ్ళు కూడా రెండు నెలలు ఒడ్డున కూర్చుంటారని తెలుసుకుంటాడు. కాకినాడ వైపు వెళ్ళినప్పుడు రేవులో వరసగా కట్టేసిన పడవలను చూపిస్తే ఈ మాట వాడికి గుర్తుంటుంది.

వీటన్నిటికన్నా ముందు వాడికి ఈత రావాలి. కాలువలు, బోదెలు, చెరువుల మధ్య పుట్టిన పిల్లవాడికి ఈత రాకుండా గాలం ఇవ్వడం నాకు తుపాకీ ఇచ్చినంత భయం. ఈత వచ్చినా సరే, నీళ్ళ దగ్గర వాడు మీ చేయి చాచినంత దూరంలోనే ఉండాలి.

చలికాలం పిట్టల కోసం ఉంచుకోండి. సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే పరజలు అవే చెరువుల్లో దిగుతాయి. మీ నాన్నగారు మీకు నేర్పిన విద్యంతా ఇక్కడ పనికొస్తుంది. గాలికి ఎదురుగా ఎలా వెళ్ళాలి, సూర్యుడు వీపున ఉండేలా ఎక్కడ కూర్చోవాలి, కాపలా పిట్ట తల ఎత్తినప్పుడు ఎలా బిగుసుకుపోవాలి, గుంపు లేచే ముందు చేసే గోల ఎలా ఉంటుంది, ఇవన్నీ మీకు తెలుసు, నాకు తెలియవు. చివర్లో పేలే ఆ ఒక్క చప్పుడు తప్ప మిగతా వేటంతా మీ దగ్గర భద్రంగానే ఉంది. పది అడుగులు దగ్గరికి వెళ్ళినా గుంపు లేవకపోతే ఆ రోజు గెలిచినట్టే. జనవరిలో ఆసియా దేశాలన్నిటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, మన వైపు కూడా పక్షి ప్రియులు ఆ పనికి వస్తారు. మీలాంటి కళ్ళు ఉన్నవాళ్ళు వాళ్ళకు కావాలి. కోరంగిలో మడల మధ్య చెక్కవంతెన మీద నడవచ్చు. కైకలూరు దగ్గర ఆటపాకలో పడవ ఎక్కితే చెట్లనిండా గూడబాతులు (పెలికన్లు), వాటి పిల్లలు కనిపిస్తాయి. అక్కడ కుండంత గొంతుసంచీలోకి పిల్ల తలదూర్చి చేప తినడం చూసిన పిల్లవాడు దారిపొడవునా ప్రశ్నలు అడుగుతాడు. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పి, ఇద్దరూ కలిసి వెతకండి.

కాల్చడమన్నదే వద్దని నేను అనడం లేదు. అది గొప్ప క్రీడ. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు బంగారు పతకం, 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్‌కు కాంస్యం, రెండూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే వచ్చాయి. ఆ కాగితపు గురి మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పిట్టను కొట్టేవాడి గురి దానిముందు ఏపాటి! కానీ ఆ రైఫిళ్ళు నాలుగైదు కిలోల బరువుంటాయి. మీవాడి ఒంటి బరువులో అది ఐదో వంతు. ఏడేళ్ళకు భుజం, నడుము ఆ బరువు మోయవు, వంకర నిలుచోవడం అలవాటైతే తర్వాత సరిచేయడం కోచ్‌లకు తలనొప్పి. పదకొండు పన్నెండు వచ్చాక కూడా అదే సరదా ఉంటే, కోచ్ ఉన్న రేంజిలో చేర్చండి. ఇరవై ఒక్క ఏళ్ళ లోపు వాళ్ళకు తుపాకీ లైసెన్సు ఇవ్వరు, శిక్షణ మాత్రం నిబంధనల ప్రకారం పెద్దవాళ్ళ పర్యవేక్షణలో తీసుకోవచ్చు. తుపాకీలో ఏమీ లేదని తెలిసినా ఉన్నట్టే చూడాలని, గొట్టం మనిషి వైపు తిరగకూడదని, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గరు బయటే ఉండాలని, గురి వెనక ఏముందో చూడాలని అక్కడ మొదటి రోజే నేర్పుతారు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోకుండా తినకూడదని కూడా.

అంతదాకా ఆగలేనంటే విలువిద్య ఉంది. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆ ఊరివాడే ధీరజ్ బొమ్మదేవర 2024లో పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్ళాడు. పిల్లల కొలతకు వెదురు విల్లులు దొరుకుతాయి, లైసెన్సు గొడవ లేదు. అయితే అదీ శిక్షకుడి ముందే, గడ్డిదిమ్మ మీదికే.

బావగారు వచ్చేటప్పుడు ఏమి తేవాలని అడిగితే బైనాక్యులర్ అని చెప్పండి. 8×32 కొలత అయితే పిల్లవాడి చేతికి బరువు ఉండదు. చిన్నపిల్లల కళ్ళ మధ్య ఎడం తక్కువ కాబట్టి, రెండు గొట్టాలూ బాగా దగ్గరకు ముడుచుకునే రకం కావాలి. కొనే ముందు తన కొడుకు కళ్ళకు పెట్టి చూడమనండి, రెండు వలయాలు కలిసి ఒకే గుండ్రంగా కనిపిస్తే మీవాడికీ సరిపోయే అవకాశం ఉంది.